ఎమర్జెన్సీ విభాగంలో పని కావాలంటే ఏ సర్టిఫికేషన్ మేలు?

అమెరికాలో నర్సుగా కొన్నేళ్లు చేసి నర్స్ ప్రాక్టీషనర్ (రోగులను పరీక్షించి, మందులు రాసే పైస్థాయి నర్సు) చదువుకు సిద్ధమవుతున్న తెలుగువారిలో, ఎమర్జెన్సీ మీద మనసున్నవారికి మూడు దారులు కనిపిస్తాయి. ఒకటి కుటుంబ వైద్యానికి సంబంధించిన ఎఫ్‌ఎన్‌పీ. రెండోది పెద్దల తీవ్ర అనారోగ్యాలకు సంబంధించిన ఏజీఏసీఎన్‌పీ. మూడోది ఎమర్జెన్సీకే ప్రత్యేకమైన ఈఎన్‌పీ. నిజానికి మూడోది మొదటి రెండింటికీ పోటీ కాదు. ఎఫ్‌ఎన్‌పీ సర్టిఫికేషన్ ఉన్నవారు మాత్రమే రాయగలిగిన అదనపు పరీక్ష అది. కాబట్టి అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే.

నా ఓటు ఎఫ్‌ఎన్‌పీకి. కారణం వయసు. ఎమర్జెన్సీకి వచ్చిన వారెవరైనా సరే పరీక్షించి తీరాలని 1986 నాటి ఎమ్‌టాలా చట్టం ఆసుపత్రులను కట్టడి చేసింది. వచ్చేవారిలో జ్వరంతో కాలిపోతున్న ఆరు నెలల పాప ఉంటుంది, ఛాతీ నొప్పితో ఎనభై ఏళ్ల పెద్దాయనా ఉంటాడు. ఏజీఏసీఎన్‌పీ పరిధి కౌమారం నుంచి మొదలవుతుంది కనుక ఆ పాపను చూడడం వారి పరిధిలోకి రాదు. రాత్రిపూట ఒక డాక్టరు, ఒక ప్రాక్టీషనర్‌తో నెట్టుకొచ్చే చిన్న ఊరి ఆసుపత్రి, చిన్నపిల్లలను చూడలేని మనిషిని ఎందుకు తీసుకుంటుంది?

అలాగని ఎఫ్‌ఎన్‌పీ అన్నింటికీ సరిపోతుందని కాదు. ఆ చదువులో ఎక్కువ భాగం క్లినిక్కుల్లోనే గడుస్తుంది: చక్కెర వ్యాధి, రక్తపోటు, టీకాలు. వెంటిలేటర్ మీదున్న రోగిని చూసుకోవడం అందులో నేర్పరు. పైస్థాయి నర్సుల పని పరిధిపై 2008లో వచ్చిన ఏకాభిప్రాయ నమూనా (కన్సెన్సస్ మోడల్) ప్రకారం పని పరిధిని నిర్ణయించేది పొందిన శిక్షణ, రోగి అవసరం. పనిచేసే చోటు కాదు. అందుకే కొత్త ఎఫ్‌ఎన్‌పీలను చాలాచోట్ల ముందుగా ఫాస్ట్ ట్రాక్‌లో, అంటే ఎమర్జెన్సీలోనే చిన్న సమస్యలు చూసే భాగంలో పెడతారు. కోతలకు కుట్లు, బెణుకులు, చెవిపోట్లు. పెద్దలకూ పిల్లలకూ విభాగాలు వేరుగా ఉన్న పెద్ద ట్రామా కేంద్రమే మీ గురి అయితే, రేపు ఐసీయూకు మారాలన్న ఆలోచన కూడా ఉంటే, ఏజీఏసీఎన్‌పీయే నయం.

ఇక ఈఎన్‌పీ. నర్స్ ప్రాక్టీషనర్లకు సర్టిఫికేషన్ ఇచ్చే ఏఏఎన్‌పీసీబీ అనే సంస్థ ఈ పరీక్షను 2017 నుంచి నిర్వహిస్తోంది. అనుభవం దారిలో రాయాలంటే గత అయిదేళ్లలో ఎఫ్‌ఎన్‌పీగా 2,000 గంటల ఎమర్జెన్సీ పని, 100 గంటల నిరంతర విద్య కావాలి. ఆ నూరులో 30 గంటలు చికిత్సా ప్రక్రియలపై ఉండాలి. అంటే ఉద్యోగం కోసం సర్టిఫికేషన్ అనుకుని వెళితే, ముందు ఉద్యోగం చూపించమంటుంది! ఈ చిక్కు తప్పాలంటే గుర్తింపు పొందిన ఎమర్జెన్సీ ఫెలోషిప్ చేయాలి, లేదా వాండర్‌బిల్ట్ వంటి విశ్వవిద్యాలయాల్లో ఎఫ్‌ఎన్‌పీ, ఈఎన్‌పీ చదువులను కలిపి చదవాలి. ఖర్చు భరించగలిగితే కలిపి చదవడమే తెలివైన పని.

మామూలు నర్సుల స్థాయిలో ఎమర్జెన్సీకి ఉన్న సర్టిఫికేషన్ సీఈఎన్ వీటికి బదులు కాదు. కానీ ఎమర్జెన్సీ నర్సుగా గడిపిన ఏళ్లు ఇంటర్వ్యూలో బాగా అక్కరకొస్తాయి.

ఉద్యోగం వెతికేటప్పుడు ఆసుపత్రి వెబ్‌సైటు ఒక్కటే చూస్తే చాలదు. చాలా ఎమర్జెన్సీ విభాగాలకు సిబ్బందిని సమకూర్చేది టీమ్‌హెల్త్ వంటి సంస్థలు, స్థానిక వైద్య బృందాలు. ప్రకటనలు కూడా వాటి పేరు మీదే వస్తాయి. ఫిజీషియన్ అసిస్టెంట్లూ (డాక్టర్లతో కలిసి రోగులను చూసే మరో వర్గం వైద్య సిబ్బంది) అవే ఖాళీలకు పోటీ పడతారు. చదువుకునేటప్పుడే కొన్ని క్లినికల్ గంటలు ఎమర్జెన్సీలో చేయనిమ్మని కళాశాలను గట్టిగా అడగండి. అక్కడ మీకు పని నేర్పే ప్రిసెప్టర్ చాలాసార్లు ఉద్యోగాలిచ్చే ఆ బృందంలోని వారే అయి ఉంటారు.