సెకండ్‌హ్యాండ్ మియాటా, చాలాకాలం వాడాక: మీటర్ కాదు, బండి కింద చూడండి

మాజ్డా ఎంఎక్స్-5 రెండో తరం, 2001లో మార్పులు చేశాక వచ్చిన 1.8 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్లు, మడిచే టాప్. అమెరికా వాళ్లు మియాటా అంటారు, ఈ బండి పిచ్చి ఉన్నవాళ్లు తరాన్ని బట్టి ఎన్‌ఏ, ఎన్‌బీ, ఎన్‌సీ, ఎన్‌డీ అని పిలుచుకుంటారు. నాది ఎన్‌బీ. నా మొదటి స్పోర్ట్స్ కారు ఇదే, కొన్నప్పుడే పాతది, ఇప్పుడు ఇంకా పాతది. కొన్న వారానికే రాసే రివ్యూల్లో అన్నీ బాగానే ఉంటాయి. టైర్లు, బ్యాటరీ, బ్రేకులు అన్నీ ఒక విడత మార్చాక కూడా బండి నచ్చుతోందా లేదా అన్నదే అసలు సంగతి కదా, అందుకని ఇన్నాళ్లు ఆగి రాస్తున్నా.

ముందే చెప్పేస్తున్నా, పాత స్పోర్ట్స్ కారు అనగానే అందరూ ఇంజిన్ గురించి పడే టెన్షన్‌లో సగం ఈ బండి విషయంలో అనవసరం. ఆయిల్ వేళకు మార్చి, వేడెక్కకుండా చూసుకుంటే లక్షల కిలోమీటర్లు తిరిగినవి బోలెడున్నాయి. ఒకవేళ పోయినా ఇంకో ఇంజిన్ దొరుకుతుంది, ఎందుకంటే ఈ మోడల్ 1989 నుంచి వస్తోంది, 2016లోనే పది లక్షలు దాటింది, టాప్ తెరుచుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇంతగా అమ్ముడైంది ఇంకోటి లేదు. కానీ బాడీ తుప్పు పట్టి తినేస్తే వేరే బాడీ తెచ్చి తగిలించుకోలేం. తగిలిస్తే అది వేరే బండి. కాబట్టి ఆ టెన్షన్ మొత్తం తీసుకెళ్లి బండి కింద పెట్టండి.

తుప్పు ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. టాప్ మీద పడిన వాన నీళ్లు పక్కలకు జారి, సీట్ల వెనుక చెరో వైపు ఉన్న కన్నాల్లోంచి గొట్టాల ద్వారా వెనక చక్రాల ముందు కిందికి పోవాలి. ఆకులూ దుమ్మూ చేరి ఆ గొట్టాలు మూసుకుపోతే నీళ్లు లోపలే నిలబడతాయి, కార్పెట్ తడుస్తుంది, తలుపుల కింద ఉండే సిల్స్ లోపలి నుంచి కుళ్లడం మొదలవుతుంది. బయట పెయింట్ బుడగ లేచిందంటే లోపల ఎప్పుడో మొదలైందని అర్థం. చక్రానికి కాస్త ముందు, సిల్ చివర వేలితో నొక్కి చూడండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. సీటు వెనక కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి. ఎండాకాలమైతే పొడిగానే ఉండొచ్చు, అప్పుడు వాసన చూడండి.

రెండోది ఇంకా కష్టం. ఎన్‌బీలో ముందువైపు ఛాసిస్ రైల్స్, అంటే బండి అడుగున పొడవుగా ఉండే ఇనుప దూలాల లోపల ఇంకో పొర ఇనుము అదనంగా ఉంటుంది, ఆ రెండు పొరల మధ్య తేమ చేరి లోపలి నుంచి తింటుంది. ముందు సస్పెన్షన్ పట్టుకునే చోటు కాబట్టి ఇక్కడ పోతే అది అందం సమస్య కాదు, ప్రాణం సమస్య. నిలబడి చూస్తే కనిపించదు, కింద ప్లాస్టిక్ ట్రే విప్పాలి. సిల్ రిపేరు మామూలు వెల్డింగ్ పని, రైల్స్ పని మాత్రం ఇంజిన్ పక్కన ఇరుకులో చెయ్యాలి, అందరికీ చేతకాదు.

నేను చూసి వదిలేసుకున్న ఒక బండి ఉంది. ఎర్రది, పాలిష్ కొట్టి అద్దంలా ఉంది, మీటర్ మీద కిలోమీటర్లు నమ్మలేనంత తక్కువ. కింద చూస్తానంటే అమ్మేవాడు "ఈమధ్యే కింద కొత్త కోటింగ్ వేయించామండీ, చూడాల్సిందేం లేదు" అన్నాడు. కోటింగ్ వేయకముందు తీసిన ఫొటోలున్నాయా అంటే లేవు. పోనీ లిఫ్ట్ మీద పెడదామంటే ఇవాళ కుదరదన్నాడు. పైన పటారం లోన లొటారం అనడానికి నా దగ్గర రుజువేం లేదు, కానీ దిగి వచ్చేశాను. తాజా నల్ల కోటింగ్ కనిపించిందంటే దాని కింద ఏముందో చూపించమని అడగాలి, చూపించకపోతే బేరం ఆడటం కూడా దండగ.

అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకెళ్లండి, పుట్టీ మెత్తిన చోట పట్టుకోదు. ఎవరిదగ్గరైనా పెయింట్ మందం కొలిచే గేజ్ ఉంటే ఇంకా మంచిది, కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర తిరుగుతుంది, ఒక్కచోట అకస్మాత్తుగా అంతకు ఎన్నో రెట్లు చూపిస్తే అక్కడ ఏదో కథ ఉంది. బానెట్ మాత్రం అల్యూమినియం కాబట్టి దానికి అయస్కాంతం అంటుకోదు, చూసి కంగారు పడకండి.

ఇక కిలోమీటర్ల గురించి. తక్కువ తిరిగిన బండే మంచిదని అందరూ అనుకుంటారు, నేను ఒప్పుకోను. ఏళ్ల తరబడి నిలబెట్టిన బండిలో సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు ఎండి పగులుతాయి, బ్రేక్ క్యాలిపర్లు పట్టేస్తాయి, సీళ్లు గట్టిపడి ఆయిల్ కారుతుంది, టైర్లు గాట్లు లోతుగానే ఉండి రాయిలా తయారవుతాయి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవా, ఒకే ఈడువా అన్నది చూస్తే యజమాని మనస్తత్వం కూడా తెలిసిపోతుంది. ఇలాంటి బండికి నాలుగు రకాల టైర్లు వేసినవాడు గేర్‌బాక్స్ ఆయిల్ మార్చి ఉంటాడని నేను నమ్మను. ఎక్కువ తిరిగినా బిల్లులన్నీ ఫైల్ చేసి పెట్టుకున్న మనిషి బండినే నేను తీసుకున్నా, నాకు అది కలిసొచ్చింది.

బిల్లుల్లో ముందు వెతకాల్సింది టైమింగ్ బెల్ట్, అంటే ఇంజిన్ వాల్వులు వేళకు తెరుచుకునేలా తిప్పే బెల్ట్. ఈ తరం ఇంజిన్‌కి చైన్ కాదు, బెల్ట్. లక్ష కిలోమీటర్లకోసారి మార్చాలి, బండి తిరగకపోయినా ఈడు మీద పడితే మార్చాలి, మార్చినప్పుడే వాటర్ పంప్ కూడా మార్చేస్తే మళ్లీ అంతా విప్పే పని తప్పుతుంది. కాగితం లేకపోతే మార్చలేదనే లెక్కేసుకుని బేరం ఆడండి. "మార్పించానండీ, ఎప్పుడో గుర్తులేదు" అన్నా అంతే.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి చూడాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. చల్లని ఇంజిన్‌తో రెండో గేరు కాస్త మొరాయించడం ఈ గేర్‌బాక్స్ స్వభావం, వేడెక్కాక కూడా కరకరమంటే గేరు సాఫీగా పడేలా చూసే సింక్రో అరిగింది. క్లచ్ పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంటే కింద ఉండి క్లచ్‌ని కదిపే స్లేవ్ సిలిండర్ కారుతుండొచ్చు, నాకూ ఒకసారి మార్చాల్సి వచ్చింది, చిన్న పనే. రేడియేటర్ పైన నల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగితే దాని ఆయుష్షు అయిపోయినట్టే, పగిలేదాకా ఆగకండి, ఎందుకంటే ఈ ఇంజిన్‌ని నిజంగా చంపేది వేడి ఒక్కటే.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. దీనికి గ్యాస్ బయటికి పోయే గొట్టం ఉండే రకం వెయ్యాలి. ఎవరో చవగ్గా వస్తుందని మామూలు బ్యాటరీ పెట్టి ఉంటే దాని చుట్టూ ఇనుము తిని ఉంటుంది, ఒకసారి కార్పెట్ ఎత్తి చూడండి.

మార్పులు చేసిన బండ్ల జోలికి మొదటిసారే పోవద్దంటాను. బాగా కిందికి దించినవి, పెద్ద సైలెన్సర్ తగిలించినవి, బయట నుంచి టర్బో పెట్టించినవి చూడ్డానికి భలే ఉంటాయి. ఎవరు చేశారు, ఎలా ట్యూన్ చేశారు, పాత పార్టులు ఉన్నాయా అన్న మూడింటికీ జవాబు రాకపోతే వాళ్ల ప్రయోగానికి మీరు డబ్బు కడుతున్నట్టే. ఇన్సూరెన్స్ వాళ్లకు ఆ మార్పులన్నీ చెప్పాలి కూడా, దాచిపెడితే క్లెయిమ్ దగ్గర తేలుతుంది.

సరే, ఇంత గొడవ పడి కొంటే ఏం వస్తుంది? 140 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఉంటుంది, ఈ రోజుల్లో అదేం పెద్ద లెక్క కాదు, మామూలు ఫ్యామిలీ కారు కూడా సిగ్నల్ దగ్గర దీన్ని దాటేస్తుంది. కాకపోతే బండి బరువు వెయ్యి కిలోలకు కొంచెం పైన, ఆ బరువు ముందుకూ వెనక్కూ దాదాపు సగం సగం, ఇంజిన్ ముందు ఉండి తిప్పేది వెనక చక్రాల్ని. గేర్‌బాక్స్‌నీ, వెనక చక్రాలకు బలాన్ని పంచే డిఫరెన్షియల్‌నీ కలిపి ఒక గట్టి ఫ్రేమ్ ఉంటుంది, అందుకని యాక్సిలరేటర్ మీద కాలు కదిపితే మధ్యలో ఊగిసలాట లేకుండా వెనక చక్రానికి అందుతుంది. గేర్ లివర్ మణికట్టు తిప్పినంతలో పడుతుంది. ఇంజిన్‌ని ఏడు వేల దాకా పూర్తిగా తిప్పి, మూడో గేరు వేసి, మలుపు తిరిగి బయటికొచ్చినా మీరు ఇంకా లైసెన్స్ పోయేంత వేగంలో ఉండరు. ఇంకా పెద్ద బండ్లు నడిపి చూశా, వాటి బలంలో ముప్పావు వంతు వాడే చోటే దొరకదు. దీంట్లో రోజూ ఉన్నదంతా వాడుకోవచ్చు. మొదటి స్పోర్ట్స్ కారుకి తక్కువ పవర్ చాలని నేను మొండిగా వాదించేది అందుకే.

తడి రోడ్డు మీద మాత్రం జాగ్రత్త. ఈ తరంలో చాలా బండ్లకు జారకుండా ఆపే స్టెబిలిటీ కంట్రోల్ లేదు, కొన్నిటికి ఏబీఎస్ కూడా లేదు. గట్టిపడిన టైర్లతో, మలుపులో ఉన్నట్టుండి కాలు తీసేస్తే వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. మంచి టైర్లు, నాలుగు చక్రాల అలైన్‌మెంట్, ఈ రెండిటి మీద పెట్టిన డబ్బంత తేడా నాకు ఏ ఖరీదైన పార్టుతోనూ కనిపించలేదు.

రోజువారీ వాడకంలో కష్టాలున్నాయి. వంద వేగంలో ఐదో గేరులోనే ఇంజిన్ మూడు వేల పైన తిరుగుతుంటుంది, టాప్ వేసుకున్నా హోరు తగ్గదు, దూరప్రయాణంలో ఫోన్ మాట్లాడటం వల్ల కాదు. స్టీరింగ్ పైకీ కిందికీ జరగదు, ముందుకూ వెనక్కూ జరగదు, ఆరడుగులు దాటినవాళ్లు కొనేముందు టాప్ మూసి ఓ గంటసేపు కూర్చుని చూడాలి, ఐదు నిమిషాలు చాలదు. డిక్కీలో రెండు మెత్తటి బ్యాగులు పడతాయి, గట్టి సూట్‌కేసు పట్టదు. రెండే సీట్లు కాబట్టి ఇంట్లో ఇంకో బండి ఉంటేనే మనశ్శాంతి. టాప్ మాత్రం సీట్లో కూర్చునే ఒంటిచేత్తో వెనక్కి తోసెయ్యొచ్చు, వెనక అద్దం గాజుదే కాబట్టి మొదటి తరంలో ప్లాస్టిక్ కిటికీలా మసకబారదు. మడతలు పడే చోట చిరుగులు వస్తాయి, అవి కొనేటప్పుడే చూసుకోండి, టాప్ మార్పించడం ఖర్చుతో కూడిన పని.

ఆ నీటి గొట్టాల్ని ఆకులు రాలే కాలం అయ్యాక ఒకసారి, వర్షాలకు ముందు ఒకసారి మెత్తటి వైరు లాంటిది పెట్టి శుభ్రం చేస్తాను. గాలి గట్టిగా కొట్టించొద్దు, గొట్టం ఊడిపోతే మళ్లీ లోపలికే నీళ్లు. నేను చేసే మెయింటెనెన్స్‌లో పైసా ఖర్చు లేనిదీ, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.

వేరే బండ్లు చూడలేదా అంటే చూశాను. హోండా ఎస్2000 ఇంజిన్ మొదట్లో వచ్చినవి తొమ్మిది వేల దాకా తిరుగుతాయి, అద్భుతం, ధర చూసి నమస్కారం పెట్టేశా. మొదటి తరం పోర్షే బాక్‌స్టర్ కొనడానికి అందుబాటులోనే ఉంటుంది, కానీ ఇంజిన్ లోపల ఉండి, పోతే ఇంజిన్‌నే పోగొట్టగల దాని ఐఎంఎస్ బేరింగ్ సంగతీ, పార్టుల ధరలూ చదివాక ధైర్యం చాలలేదు. 2012 నుంచి వచ్చిన టొయోటా 86, సుబారు బీఆర్‌జెడ్ గట్టి పైకప్పు ఉన్న బండి కావాలనుకునేవాళ్లకు మంచి దారి, వెనక చిన్న సీట్లు కూడా ఉన్నాయి. ఇదే మాజ్డాలో కాస్త సుఖం కావాలంటే 2005లో వచ్చిన మూడో తరం చూడండి, దానికి టైమింగ్ చైన్, స్టీరింగ్ ఎత్తు సరిచేసుకోవచ్చు, 2006 నుంచి మడిచే గట్టి టాప్ ఉన్నది కూడా వచ్చింది. నాలుగో తరంలో 2019 మోడల్ నుంచి రెండు లీటర్ల ఇంజిన్ 7,500 దాకా తిరుగుతుంది, స్టీరింగ్ ముందుకూ వెనక్కూ కూడా జరుగుతుంది. పొడుగ్గా ఉన్నవాళ్లు, బడ్జెట్ ఉన్నవాళ్లు నేరుగా అక్కడికే వెళ్లిపోవచ్చు.

ఏది కొన్నా, చేతిలో ఉన్న డబ్బులో ఐదో వంతు పక్కన పెట్టి మిగతాదానితోనే బండి వెతకండి. మొదటి ఏడాది బెల్ట్, టైర్లు, ఆయిల్స్, బ్రేక్ ఫ్లూయిడ్, ఒకటో రెండో బుష్‌లకు అది అయిపోతుంది. నాది ఇంకా అమ్మలేదు, అమ్మే ఆలోచన లేదు. సిల్స్ ఇప్పటికైతే గట్టిగానే ఉన్నాయి, కుడివైపు సిల్ చివర చిన్న బుడగ ఒకటి కనిపిస్తోంది, వర్షాలకు ముందే కోసి చూపిస్తాను.