పెరట్లో ఏ కొబ్బరి: పొడుగుదా, పొట్టిదా, సంకరమా?

కొబ్బరి మొక్క కొనడానికి వచ్చినవారు ముందుగా అడిగేది ఎన్నేళ్లకు కాస్తుందని. కాసినప్పుడు చెట్టు ఎక్కేదెవరో కూడా అప్పుడే ఆలోచించుకోవాలి.

కోనసీమ తోటల్లో ఎక్కువగా కనిపించేది ఈస్ట్ కోస్ట్ టాల్ అనే దేశవాళీ పొడుగు రకం. ఆరేడేళ్లకు గాని గెల వేయదు. వేయడం మొదలుపెడితే అరవై ఏళ్లు దాటినా కాస్తూనే ఉంటుంది. తాత నాటిన చెట్టుకు మనవడు దింపు తీయిస్తాడు. కొబ్బరి మందం, నూనె ఎక్కువ. కురిడీ చేయాలన్నా, పచ్చడి నూరాలన్నా దీని తరవాతే ఏదైనా. ఒక ఎండాకాలం నీళ్లు సరిగా అందకపోయినా ఓర్చుకుంటుంది. చిక్కంతా ఎత్తుతోనే. అరవై అడుగుల చెట్టు ఎక్కే మనిషి పల్లెల్లోనే కరువైపోతున్నాడు, పట్నంలో ఎక్కడ వెతుకుతాం? ఎండుమట్ట పక్కింటి కారు మీద పడిన రోజు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

గంగా బొండం పొట్టిది. ఆకుపచ్చని కాయ, బొప్పాయిలా కోలగా సాగి ఉంటుంది. మూడు నాలుగేళ్లకే కాపు. మొదటి కొన్నేళ్లు గెలలు చేతికందుతాయి. కాయకు ఏడో నెలలో కోసిన బొండం నీళ్లు తాగితే మిగతా లెక్కలు గుర్తురావు. కానీ కురిడీకి, నూనెకు దేశవాళీతో పోటీ పడలేదు. ఆయుష్షూ తక్కువే. నీటి ఎద్దడి అసలు తట్టుకోదు, పిందెలు రాల్చేస్తుంది.

ఈ రెండింటి బిడ్డ గోదావరి గంగ. అంబాజీపేట పరిశోధన స్థానంలో రూపొందిన సంకరం ఇది; దేశవాళీ తల్లి, గంగా బొండం తండ్రి. నాలుగైదేళ్లకు కాపుకొస్తుంది, బాగా చూసుకుంటే ఏటా నూటికి పైగా కాయలిస్తుంది, కొబ్బరీ బాగుంటుంది. అయితే తిండిపోతు. ఎరువు, నీరు తగ్గాయంటే కాపూ తగ్గిందన్నమాటే.

ఇంటి వెనక ఒక్క చెట్టుకే చోటుంటే నా ఓటు గంగా బొండానికే. మోటారు ఉండి, మొక్కకూ మొక్కకూ పాతిక అడుగుల ఎడం ఇవ్వగలిగితే సంకరం వేయండి. తోట వేసి ఊరు విడిచి వెళ్లేవారికి దేశవాళీయే నయం.

ఏది నాటినా, సంకరం చెట్టు కాయను మాత్రం విత్తనానికి వాడకండి. పొట్టి రకాల్లో చాలావరకు స్వపరాగ సంపర్కమే, అంటే తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి పిల్ల తల్లిని పోలి వస్తుంది. సంకరం కాయను నాటితే ఏ తాత గుణం బయటపడుతుందో తెలియదు. మా ఇంట్లో ఓ మూల మొలకెత్తిన సంకరం కాయను పారేయడానికి మనసొప్పక గట్టున పాతాం. ఎనిమిదో ఏట కాసింది, తల్లి కాపులో సగం కూడా లేదు. ఇప్పుడు దాని ఈనెలతో చీపుళ్లు కట్టుకుంటున్నాం.