చుట్టూ జొన్నా, మధ్యలో ఆముదమా?

అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ విత్తే రోజుల్లో సలహాలకు కరువుండదు. పురుగు మందు ఖర్చు తగ్గాలంటే చేను చుట్టూ జొన్న వేయమని ఒకరంటారు, మధ్యమధ్య ఆముదం నాటమని ఇంకొకరు, కంది సాళ్లు కలపమని మరొకరు. మూడూ మంచివే. కానీ రెండెకరాల చేను, పనికి ఇద్దరే మనుషులు ఉన్న ఇంట్లో మూడూ సాగవు. ఒక్కటే చేయగలిగితే ఏది?

ముందు ఆముదం సంగతి. పొగాకు లద్దె పురుగు తల్లికి వేరుశనగ కంటే ఆముదపు ఆకంటే ప్రాణం. వెడల్పాటి ఆ ఆకు అడుగున వందల గుడ్లు ఒకే ముద్దగా పెట్టి, పైన గోధుమరంగు నూగు కప్పి పోతుంది. పిల్లలు బయటికొచ్చాక గుంపుగా ఒకే ఆకు మీద పడి పత్రహరితం గీకేస్తాయి. ఆకు జల్లెడలా తేలుతుంది. ఎండకు ఎదురుగా పట్టుకుంటే ఈనెలు తప్ప ఏమీ కనబడవు. ఆ ఆకును అప్పుడే తుంచి నాశనం చేస్తే ఒక్క చేత్తో వందల పురుగులు పోయినట్టే. రెండు మూడు రోజులు ఆలస్యమైతే అవి చెదిరి వేరుశనగలోకి దిగుతాయి. ఒక ఏడాది పెళ్లి పనుల్లో పడి నేను వారం రోజులు చేను ముఖం చూడలేదు. తిరిగొచ్చేసరికి ఎర అనుకున్న ఆముదం పురుగులకు పుట్టినిల్లయి కూర్చుంది. తప్పు మొక్కది కాదు.

జొన్న అంత గారాబం కోరదు. 2000 ఖరీఫ్‌లో ఈ జిల్లాలో కాండం కుళ్లు వైరస్ తెగులు లక్షల ఎకరాల వేరుశనగను దెబ్బతీసింది. ఆ వైరస్ దాక్కునేది గట్ల మీది వయ్యారిభామ కలుపు మొక్కలో. మొక్క పచ్చగానే ఉంటుంది, రోగం పైకి కనబడదు. దాని పుప్పొడి ఒంటికి అంటుకున్న తామర పురుగులు వేరుశనగ ఆకును గీకినచోట వైరస్ లోపలికి పోతుంది. తామర పురుగు సొంత రెక్కలతో ఎక్కువ దూరం పోలేదు, గాలి ఎటు తోస్తే అటు వస్తుంది. చుట్టూ నాలుగు సాళ్ల జొన్నో సజ్జో ఒత్తుగా ఉంటే చాలావరకు అక్కడే ఆగిపోతుంది. ఖర్చల్లా విత్తనానిదే, పైగా సొప్ప పశువులకు. అయితే వాన ముఖం చాటేసి జొన్న లేతలోనే వాడితే అది నాము, అంటే పశువుకు విషం, అటు పోనివ్వకూడదు. పల్చగా చల్లిన జొన్న కంచె కాదు. ఇక కంచె లోపలే వయ్యారిభామ ఉంటే జొన్న ఏం చేస్తుంది? పూతకు రాకముందే పీకాలి.

కందిని పురుగు కోసం కాదు, వాన కోసం వేసుకోవాలి. ఏడు సాళ్లకో పదకొండు సాళ్లకో ఒకటి వేస్తే, వేరుశనగ ఎండినా లోతు వేరున్న కంది నాలుగు గింజలు చేతికిస్తుంది.

కలుపు దగ్గర మాత్రం ఈ మూడింటిలో ఏదీ అక్కరకు రాదు. కంది మొదట్లో మెల్లగా పెరుగుతుంది, నేలను కమ్మదు. అలసంద కమ్ముతుంది గానీ, ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే చోట ఆ తేమలో దానికీ వాటా ఇవ్వాలి. నాకది గిట్టుబాటు లెక్కగా తోచదు. 45 రోజుల లోపు అంతరకృషి, అంటే సాళ్ల మధ్య కలుపు తీసే దున్నకం, ముగించడమే దారి. ఆ తర్వాత సాళ్లను కదిపితే కాయ కట్టడానికి నేలలోకి దిగుతున్న ఊడలు తెగుతాయి.

కాబట్టి నా ఓటు జొన్నకే. ఇంట్లో పొద్దున్నే చేనంతా ఒక చుట్టు తిరగనిదే కాఫీ తాగని పెద్దాయన ఉంటే, ఆముదం కూడా వేయండి. ఆకులు తుంచి వేయడానికి ఆయన చేతికి ఒక సంచి ఇవ్వండి.