జర్మనీలో ఒక స్కూలు ఏడాది: పంపే ముందు తెలుసుకోవాల్సినవి

పదో తరగతి అయ్యాక ఇంటర్‌లో చేరకుండా ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా జర్మనీ వెళ్ళాను. సెప్టెంబర్ మొదట్లో వెళ్ళి జూలై ఆఖరున వచ్చాను. వచ్చి రెండేళ్ళు దాటినా చుట్టాల్లోనో, నాన్న ఆఫీసులోనో ఎవరో ఒకరు "మా వాణ్ణి పంపొచ్చా?" అని ఫోన్ చేస్తూనే ఉన్నారు. అందరికీ చెప్పేది ఒకటే కాబట్టి ఒకేసారి రాసేస్తున్నాను. నన్ను పంపిన ఎక్స్ఛేంజ్ సంస్థ పేరు రాయను. ఇలాంటి సంస్థలు చాలానే ఉన్నాయి, పద్ధతి దాదాపు ఒకటే.

ముందు డబ్బు సంగతి. మా నాన్న కట్టింది లక్షల్లోనే. కానీ నేను చదివింది గవర్నమెంట్ గిమ్నాజియంలో (యూనివర్సిటీ చదువుకి సిద్ధం చేసే హైస్కూలు), అక్కడ ఫీజు లేదు. నన్ను ఉంచుకున్న ఇంటివాళ్ళు పైసా తీసుకోలేదు, తిండి కూడా వాళ్ళదే. మరి ఆ లక్షలు ఎటు పోయాయంటే విమానం టికెట్, హెల్త్ ఇన్సూరెన్స్, క్యాంపులు, సంస్థ నడిపే ఖర్చు. ఇందులో తప్పేమీ లేదు, కానీ దేనికెంతో విడివిడిగా రాసిమ్మని అడగండి. మాకు మొత్తం ఒకే అంకెగా చెప్పారు, గట్టిగా అడిగాకే లెక్క చెప్పారు.

ఇంటివాళ్ళకి డబ్బు అందదన్న ముక్క మనవాళ్ళకి ఓ పట్టాన ఎక్కదు. నేనున్నది స్టుట్‌గార్ట్‌కి దక్షిణాన, రాయిట్‌లింగెన్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో. ఆ ప్రాంతాన్ని ష్వేబియా అంటారు. అక్కడి అపార్ట్‌మెంట్లలో కేర్‌వొఖె అని ఒక ఆచారం ఉంది. వారానికి ఒక ఇంటివాళ్ళ చొప్పున మెట్లు, ఇంటి ముందు దారి ఊడ్చి శుభ్రం చేయాలి. ఎవరి వంతు వస్తే వాళ్ళ తలుపుకి చిన్న బోర్డు తగిలిస్తారు. మా ఇంటి వంతు వచ్చినప్పుడు మెట్లు నాకు, బయటి దారి వాళ్ళమ్మాయికి. ఓసారి చేతిలో చీపురుండగా అమ్మ వీడియో కాల్ చేసింది. "అంత డబ్బు పోసి పంపింది మెట్లు ఊడవడానికా?" అని ఒకటే గోల. వాళ్ళు మన దగ్గర రూపాయి తీసుకోలేదమ్మా, సొంత కూతురితో చేయించే పనే నాతోనూ చేయిస్తున్నారు అని ఎంత చెప్పినా చల్లబడలేదు. ఇది పేయింగ్ గెస్ట్ వ్యవహారం కాదు. గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్దడం, చెత్తని కాగితం, తడి చెత్త, ప్యాకింగ్, మిగతాది అని వేరు చేయడం, ఆదివారం చప్పుడు చేయకుండా ఉండటం, అన్నీ మీ పిల్లలూ చేయాలి. ఇంట్లో మంచినీళ్ళు కూడా చేతికందించాల్సిన పిల్లలైతే వెళ్ళే ముందు ఆర్నెల్లు కాస్త పని నేర్పండి.

నాకు ఇల్లు మారింది, పైన మెట్లు ఊడ్చానన్నది రెండో ఇల్లు. మొదటి ఇల్లు కొండమీద పల్లెలో. మనుషులు మర్యాదస్తులే కానీ ఇద్దరివీ షిఫ్టు ఉద్యోగాలు, పిల్లలు మరీ చిన్నవాళ్ళు. శని, ఆదివారాలు బస్సు దాదాపు లేనట్టే. స్కూలయ్యాక ఎవరితోనైనా కాసేపు ఉందామన్నా, ఆ బస్సు పోతే ఇంటికి చేరే దారి లేదు. ఇల్లు మార్చమని అడిగితే మా ఏరియా చూసే కోఆర్డినేటర్ "ఇంకొన్నాళ్ళు చూడు, అలవాటవుతుంది" అంటూ వారాలు గడిపేశారు. వాళ్ళూ జీతం లేకుండా చేసేవాళ్ళే అనుకోండి. అయినా పదహారేళ్ళ పిల్ల మెయిల్‌కి పది రోజులు జవాబు రాకపోతే టెన్షన్ ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియాలి కదా. మొత్తం అనుభవంలో నేను మార్కులు కోసేది ఇక్కడే. చివరికి రెండో ఇల్లు దొరికింది నా క్లాస్‌మేట్ వల్ల. వాళ్ళమ్మే సంస్థకి ఫోన్ చేసి "మా ఇంటికి పంపండి" అన్నారు. అక్కణ్ణుంచి అంతా వేరే కథ.

తిండి. రాత్రి వేడి వంట ఉండదు. బ్రెడ్డు, చీజు, హ్యామ్, ఊరగాయ దోసకాయలు టేబుల్ మీద పెడితే ఎవరిది వాళ్ళు కోసుకుని తినడమే. దాన్ని అక్కడ ఫెస్పర్ అంటారు. నేను బీఫ్, పోర్క్ తినను. ఫారంలో రాశాను, రెండిళ్ళవాళ్ళూ పాటించారు. కొత్తల్లో రాత్రి పది దాటితే కడుపు కాలేది. ఒక్క వంట మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంది. ఉడికించిన పప్పు, పక్కన ష్పెట్స్‌లె అనే మెత్తటి నూడుల్స్. పప్పులో వెనిగర్ పోస్తారు, చింతపండు తగ్గిన పప్పుపులుసులా ఉంటుంది. దాంతోపాటు వడ్డించే సాసేజ్ నాకొద్దంటే సరిపోయేది.

స్కూల్లో లెక్కలు నాకు తేలిక, మన పదో తరగతి పుణ్యమా అని. మిగతావన్నీ కష్టం. మార్కులు ఒకటి నుంచి ఆరు దాకా, ఒకటి అన్నిటికన్నా మంచిది. పరీక్ష రాస్తే సరిపోదు, క్లాసులో నోరు విప్పి మాట్లాడినదానికి కూడా మార్కులు పడతాయి. మన దగ్గర నోరు మూసుకుని కూర్చుంటే బుద్ధిమంతులు, అక్కడ అదే మైనస్. పైగా క్లాసంతా జర్మన్‌లో, విరామంలో పిల్లలు మాట్లాడేది ష్వేబియన్ యాసలో. ఇక్కడ జర్మన్‌లో ఏ1, అంటే మొట్టమొదటి స్థాయి, పూర్తి చేసి వెళ్ళాను, అది టికెట్ కొనుక్కోవడానికి పనికొచ్చింది. క్లాసు అర్థమవడం మొదలైంది క్రిస్మస్ తర్వాతే.

చరిత్ర క్లాసు గురించి మాత్రం చెప్పాలి. మమ్మల్ని గ్రాఫెనెక్ తీసుకెళ్ళారు, ఆ దగ్గర్లోనే కొండల మీద. 1940లో నాజీలు అక్కడ వికలాంగుల్ని, మానసిక రోగుల్ని 10,600 మందికి పైగా గ్యాస్‌తో చంపారు. ఆసుపత్రుల నుంచి, ఆశ్రమాల నుంచి బస్సుల్లో తెచ్చేవాళ్ళట. తిరిగొచ్చాక క్లాసులో ఆ చర్చ రెండు పీరియడ్లు సాగింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ఎంత తెలుసు, తెలిసీ ఎందుకు ఊరుకున్నారు అని పిల్లలే అడిగారు, టీచర్ దాటేయలేదు. సొంత జిల్లా గురించి అలా మాట్లాడే క్లాసులో నేను అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు.

స్నేహితులు స్కూల్లో దొరుకుతారనుకోవద్దు. ఒంటిగంటకి స్కూలు వదిలితే ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు. స్నేహాలు క్లబ్బుల్లో. చిన్న ఊళ్ళో కూడా బ్యాండుకొకటి, హ్యాండ్‌బాల్‌కొకటి, ఫైర్ సర్వీస్ పిల్లల విభాగం అని ఒకటి ఉంటుంది, చందా చాలా తక్కువ. నేను షటిల్‌లో చేరాను. హైదరాబాద్ అనగానే కోచ్ "గోపీచంద్ అకాడమీయా?" అన్నాడు. కాదన్నా పెద్దవాళ్ళతో ఆడించాడు, రెండు గేముల్లో ఆ భ్రమ పోయింది. అయినా శనివారం మ్యాచ్‌లకి కారులో తీసుకెళ్ళి తీసుకొచ్చిన వాళ్ళే నా జర్మన్ బాగుచేశారు. మొదటి ఇంట్లో బస్సు లేక పోగొట్టుకున్నది సరిగ్గా ఇదే.

ఫోన్ గురించి అమ్మానాన్నలకి ఒక మాట. మనకి రాత్రి తొమ్మిదైతే అక్కడ వేసవిలో అయిదున్నర, చలికాలంలో నాలుగున్నర. అంటే మీరు తీరిగ్గా ఫోన్ చేసే టైమూ, పిల్లలు క్లబ్బులోనో ఇంటివాళ్ళతోనో ఉండాల్సిన టైమూ ఒకటే. ఆదివారం మాట్లాడుకుంటే చాలు.

జర్మనీలో డిగ్రీ సీటుకి ఇది మెట్టు అని ఎవరైనా చెబితే నమ్మకండి. అక్కడ యూనివర్సిటీలో చేరడానికి కావాల్సిన స్కూలు చివరి పరీక్ష, అబిటూర్, అయ్యేది పన్నెండో తరగతిలోనో పదమూడులోనో. ఏడాది కూర్చున్న మనకిచ్చేది పాల్గొన్నట్టు ఒక కాగితం. మన ఇంటర్ బోర్డుకీ అది లెక్కలోకి రాదు. పైగా అక్కడ స్కూలు జూలై ఆఖరుదాకా, ఇక్కడ ఇంటర్ క్లాసులు జూన్‌లోనే మొదలు. నేను చేరేసరికి మా సెక్షన్‌లో రెండు వీక్లీ టెస్టులు అయిపోయాయి, అడ్మిషన్ కౌంటర్‌లో "ఈ గ్యాప్ ఏంటి?" అని అనుమానంగా అడిగారు కూడా. కాలేజీతో ముందే, వెళ్ళకముందే మాట్లాడుకోండి. జేఈఈ ర్యాంకే లక్ష్యమైతే ఈ ఏడాది దండగ, మొహమాటం లేకుండా చెబుతున్నా. అది కాకపోతే, పిల్లలకే వెళ్ళాలని ఉంటే, పంపండి.

హోస్ట్ ఫ్యామిలీ వివరాలు రాగానే అందరూ ఫొటోలు చూసుకుని మురిసిపోతారు. మీరు ముందు ఆ ఊరి పేరు కొట్టి బస్సు టైమింగ్స్ చూడండి. శని, ఆదివారాలవి కూడా.