కన్వీనరు సీటు వచ్చాక ఫీజుకు ఏది మేలు: రీయింబర్స్‌మెంటా, స్కాలర్‌షిప్పా, బ్యాంకు రుణమా?

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్ తర్వాత సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ మొదలైతే చాలు, నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల ప్రశ్నలు మూడు రకాలుగా ఉంటాయి. పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లలో ఇంకా ఎంసెట్టే. "రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదండీ, మళ్లీ బ్యాంకు అప్పు ఎందుకు?" అని కొందరు అడుగుతారు. "ఆ డబ్బు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, అప్పు చేసైనా పెద్ద కాలేజీలో చేర్పిద్దామనుకుంటున్నాం" అని ఇంకొందరు అంటారు. ఫోనులో స్కాలర్‌షిప్పుల జాబితా తీసి "ఇవన్నీ పెట్టుకుంటే ఫీజు వెళ్లిపోదా?" అనేవాళ్లు మూడో రకం. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది.

అందరూ ముందుగా పోల్చేది ఎంత వస్తుందనే. నా దృష్టిలో దానికంటే ముఖ్యమైనది ఎప్పుడు వస్తుందనేది. కాలేజీ ఫీజు కట్టమనే తేదీకీ, ఆ డబ్బు నిజంగా జమ అయ్యే తేదీకీ మధ్య ఎంత దూరం ఉంది? ఆ మధ్యకాలంలో ఎవరి మెడ మీద భారం ఉంటుంది? ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలా ఇళ్లలో లెక్క మారిపోతుంది.

ముందు ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే అర్హులైన విద్యార్థుల ఫీజును రాష్ట్ర ప్రభుత్వం కట్టే పథకం సంగతి. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం లేకపోతే ఇంజినీరింగ్ గడప తొక్కలేని కుటుంబాలు ఎన్నో నాకు తెలుసు. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. తిరిగి కట్టక్కర్లేని డబ్బు కాబట్టి అర్హత ఉన్నవాళ్లు వదులుకోకూడదు. ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనరు కోటా సీటుకే వర్తిస్తుంది, కాలేజీ యాజమాన్యం నేరుగా ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటుకు రాదు.

ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉంటే నిర్ణయించిన ట్యూషన్ ఫీజు మొత్తం వస్తుంది. తెలంగాణలో లెక్క వేరు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రెండు లక్షల ఆదాయం లోపు మొత్తం ఫీజు వస్తుంది. బీసీలకు, ఈబీసీలకు (ఆర్థికంగా వెనకబడినవారికి) ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. వీరిలో 10,000 లోపు ర్యాంకు వచ్చినవారికి మొత్తం ఫీజు, ర్యాంకు అది దాటితే చాలామందికి ఏడాదికి 35,000 రూపాయలే. ఈ 35,000 దగ్గరే తెలంగాణ తల్లిదండ్రులు తడబడుతున్నారు. కాలేజీ ఫీజు 1,20,000 అనుకుందాం. ప్రభుత్వ వాటా పోగా ఏటా 85,000, నాలుగేళ్లకు 3,40,000 సొంతంగా కట్టాలి. "రీయింబర్స్‌మెంట్ ఉన్న కాలేజీ" అని బంధువులు చెప్పిన మాట మీద ఆప్షన్లు పెట్టేసి, సీటు అలాట్‌మెంట్ కాగితం చేతికొచ్చాక గుండె పట్టుకున్నవాళ్లను చూశాను. వెబ్ ఆప్షన్లు పెట్టేముందే ప్రతి కాలేజీ ఫీజు పక్కన మీ ఇంటికి మిగిలే తేడా ఎంతో రాసుకోవాలి.

ఇక ఎప్పుడు వస్తుందనే ప్రశ్న. బకాయిల గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు బకాయిలు చెల్లించాలంటూ బంద్‌కే దిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు కొంతకాలం తల్లుల ఖాతాల్లోకి వచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీల ఖాతాలకే అన్నారు. పద్ధతి ఏదైనా ఆలస్యం మాత్రం పోలేదు. బకాయి పడింది ప్రభుత్వం, అడిగేది మాత్రం పిల్లవాణ్ణి. హాల్ టికెట్ దగ్గర ఒకసారి, చివరి ఏడాది సర్టిఫికెట్ల దగ్గర ఇంకోసారి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. అయినా క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చి, చేరే తేదీ దగ్గరపడి, సర్టిఫికెట్ల కోసం తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టిన ఇల్లు నాకు తెలుసు. ఆ కుటుంబానికి రావలసిన రీయింబర్స్‌మెంట్ తర్వాత వచ్చింది. వడ్డీని మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

అందుకే నా దృష్టిలో రీయింబర్స్‌మెంట్‌కూ బ్యాంకు రుణానికీ పోటీ లేదు. బ్యాంకు రుణానికి అసలు పోటీ ఊళ్లో దొరికే వడ్డీ అప్పుతో. ఈ పోలిక ఎవరూ కాగితం మీద వేసి చూడరు.

పైన చెప్పిన 85,000 తేడానే తీసుకోండి. ఏటా మొదట్లో అంత చొప్పున నాలుగుసార్లు తెచ్చారు, చదువు అయ్యాక ఇంకో ఏడాదికి గానీ తీర్చడం మొదలుపెట్టలేదు అనుకుందాం. ఊళ్లో నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. చక్రవడ్డీ వేయకుండా మామూలుగా లెక్క కట్టినా ఆ ఐదేళ్లకు వడ్డీయే 2,85,600 అవుతుంది. బ్యాంకులో 10 శాతం అనుకుంటే అదే కాలానికి 1,19,000. ఆ తర్వాత చూడండి. ఊళ్లో అప్పుకు అసలు అలాగే ఉండి నెలకు వడ్డీ ఒక్కటే 6,800 కట్టాలి. బ్యాంకుకైతే అప్పటిదాకా పేరుకున్న వడ్డీతో కలిపి పదేళ్ల వాయిదా నెలకు సుమారు 6,000. పదేళ్లకు అప్పు ముగుస్తుంది. "బ్యాంకు అప్పు అంటే భయం" అనే ప్రతి తండ్రికీ నేను ఈ రెండు అంకెలే పక్కపక్కన రాసి చూపిస్తాను.

బ్యాంకులు విద్యా రుణం ఇచ్చే పద్ధతికి భారతీయ బ్యాంకుల సంఘం నమూనా పథకం ఆధారం. నాలుగు లక్షల వరకు మన వాటా పెట్టక్కర్లేదు, తనఖా అక్కర్లేదు. తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. ఏడున్నర లక్షల వరకు కేంద్రం హామీ పథకం ఉంది కాబట్టి దాని కిందకు వచ్చే రుణానికి తనఖా గానీ మూడో వ్యక్తి పూచీకత్తు గానీ అడగకూడదు. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదా కట్టక్కర్లేదు, తర్వాత పదిహేనేళ్ల వరకు గడువు ఉంటుంది. మంజూరైన మొత్తానికి కాదు, తీసుకున్న మేరకే వడ్డీ పడుతుంది. డబ్బు కాలేజీ అడిగిన వేళకు నేరుగా కాలేజీకి వెళుతుంది. నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ ఆఖరి మాటే.

అయితే బ్యాంకు గుమ్మం దగ్గర ఎదురయ్యే ఇబ్బందులు నిజమైనవి. ఆ కాలేజీకి ఇవ్వం అంటారు, తండ్రి పంట రుణం బాకీ ఉందంటారు, మార్చి తర్వాత రమ్మంటారు. దరఖాస్తును తిరస్కరించాలంటే పై అధికారి ఆమోదం ఉండాలని నమూనా పథకంలోనే ఉంది. కాబట్టి నోటిమాటతో వెనక్కి రావద్దు. విద్యా రుణాల కోసం ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, కాదంటే కారణం రాసివ్వమని అడగండి. సగం శాఖల్లో మాట తీరు అక్కడితోనే మారుతుంది.

రీయింబర్స్‌మెంట్ వచ్చే విద్యార్థికి ఆ భాగం మీద బ్యాంకు అప్పు ఇవ్వదు, స్కాలర్‌షిప్పును ఖర్చులోంచి మినహాయించే లెక్క వేస్తుంది. ఇక్కడే నేను చెప్పే ఉపాయం పనికొస్తుంది. ఫీజు తేడాతో పాటు హాస్టలు, పుస్తకాలు, కంప్యూటరు, పరీక్ష ఫీజులు అన్నీ కలిపి రుణం అడగండి. ఆ ఖర్చుల కోసం ఇంట్లో దాచిన సొమ్మును కదపకండి. ప్రభుత్వ డబ్బు ఆలస్యమై కాలేజీ పట్టుబట్టిన రోజున ఆ సొమ్మే మిమ్మల్ని వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా ఆపుతుంది. మొదటి ఏడాదిలోనే నాలుగేళ్లకూ కలిపి మంజూరు చేయించుకోవాలి. మూడో ఏట బ్యాక్‌లాగులు చేతిలో పట్టుకుని వెళితే మేనేజరు చూసే చూపే వేరు.

వడ్డీ రాయితీల గురించి ఒక హెచ్చరిక. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారికి చదువు కాలం, తర్వాతి ఏడాది వడ్డీని కేంద్రం భరించే పథకం 2009 నుంచి ఉంది. అయితే నాణ్యతను అంచనా వేసి ఇచ్చే గుర్తింపు ఉండాలి: కాలేజీకైతే న్యాక్‌ది, కోర్సుకైతే ఎన్‌బీఏది, ఏదో ఒకటి. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎనిమిది లక్షల ఆదాయం వరకు, పది లక్షల దాకా రుణానికి మూడు శాతం వడ్డీ తగ్గింపు ఇస్తారు. అది ఎంపిక చేసిన మంచి ర్యాంకు సంస్థలకే. పైగా వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పుకు అర్హులైనవారికి ఆ తగ్గింపు లేదు. కాబట్టి రీయింబర్స్‌మెంట్ తీసుకునే ఇళ్లు రాయితీ కూడా కలిసొస్తుందని లెక్క వేసుకోవద్దు. వడ్డీ మొత్తం మనదే అనుకుని చూసుకోండి, నేను పైన వేసిన లెక్కలు కూడా అలా వేసినవే.

స్కాలర్‌షిప్పుల జాబితాలు పట్టుకొచ్చేవాళ్లు గమనించనిదీ ఇదే. పథకాలు ఒకదానిమీద ఒకటి పేర్చుకునేవి కావు. ఇంటర్‌లో 80 పర్సెంటైల్ దాటినవారికి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్పు మొదటి మూడేళ్లు ఏటా 12,000, నాలుగో ఏడాది 20,000. రాష్ట్ర రీయింబర్స్‌మెంట్ తీసుకుంటుంటే దానికి అర్హత లేదు. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ ఆడపిల్లలకు ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్పు ఏటా 50,000. ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు. దీనితో పాటు ఇంకో సహాయం తీసుకోకూడదు.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన కుటుంబాలు రెండు ఉన్నాయి. తెలంగాణలో పదివేలు దాటిన ర్యాంకుతో 35,000 మాత్రమే వచ్చే అమ్మాయికి ప్రగతి ఎంపికైతే అదే ఎక్కువ. ఏడాదికి మూడు, నాలుగు లక్షల ఆదాయంతో రీయింబర్స్‌మెంట్ గీత బయట పడిపోయిన ఇంటి అమ్మాయికి ప్రగతి నిజంగా పెద్ద ఆసరా. చిన్న ఉద్యోగస్తులు, దుకాణదారులు దీని పేరే వినకపోవడం చూస్తే నాకు బాధేస్తుంది. మొదటి ఏడాది చేరగానే జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. ఎంపిక మెరిట్ మీద జరుగుతుంది కాబట్టి వచ్చాక సంతోషించండి, వస్తుందని ముందే ఫీజు లెక్కలో కలపకండి. దివ్యాంగ విద్యార్థులకు ఇదే మొత్తంతో సక్షమ్ ఉంది.

ఐఐటీ, ఎన్ఐటీలో సీటు వచ్చినవాళ్లకు ఈ తర్జనభర్జన చాలావరకు అక్కర్లేదు. అక్కడ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. మిగతావారికి ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తిగా, ఐదు లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. హాస్టలుకు మాత్రం చిన్న రుణం సరిపోతుంది. ప్రైవేటు సంస్థల ఫౌండేషన్ల స్కాలర్‌షిప్పులకు పెట్టి చూడండి, వస్తే మంచిదే. బంగారం మీద రుణం ఒక సెమిస్టరు గట్టెక్కడానికి పనికొస్తుంది, నాలుగేళ్ల చదువుకు కాదు.

నన్ను సలహా అడిగితే ఇలా చెబుతాను. రీయింబర్స్‌మెంట్ గీత లోపల ఉన్న ఇల్లు దాన్నే పునాదిగా పెట్టుకోవాలి. దానికి పక్కదన్నుగా మొదటి ఏడాదే బ్యాంకు రుణం మంజూరు చేయించుకోవాలి. కాలేజీ ఎంపికలో నాలుగేళ్ల రుణం మొత్తం నాలుగు లక్షలు దాటకుండా చూసుకోవాలి. ఐటీ సేవల సంస్థల్లో కొత్తవాళ్లకు ఇప్పటికీ ఏడాదికి మూడున్నర లక్షల దరిదాపుల్లోనే జీతం మొదలవుతుంది. అందులోంచి నగరంలో అద్దె, తిండి పోను నెలకు ఆరేడు వేలు వాయిదా కట్టగలరు, పదిహేను వేలు కట్టలేరు. పేరున్న కాలేజీలో తక్కువ డిమాండు ఉన్న బ్రాంచికి లక్షల తేడా కట్టేకంటే, ఫీజు తక్కువై, కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న మధ్యరకం కాలేజీ వైపే నేను మొగ్గుతాను. మేనేజ్‌మెంట్ సీటు కోసం రీయింబర్స్‌మెంట్ వదులుకుని అప్పు చేయడం మాత్రం నేను ఏ ఇంటికీ చెప్పను.

రీయింబర్స్‌మెంట్ గీత దాటి, ఎనిమిది లక్షల లోపు ఉన్న ఇళ్లకు బ్యాంకు రుణమే అసలు దారి. వాళ్లు ముందుగా చూసుకోవాల్సింది చేరబోయే కాలేజీ పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉందా, న్యాక్ గుర్తింపు ఇంకా అమల్లో ఉందా అన్నది. న్యాక్‌కు గడువు ఉంటుంది, కాలేజీ గేటు మీది బోర్డు చూసి నమ్మకూడదు.

ఏ దారి ఎంచుకున్నా ఆదాయ ధ్రువపత్రం కౌన్సెలింగ్‌కు ముందే మీసేవలోనో సచివాలయంలోనో తీసుకోండి. విద్యార్థి బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానమైందో లేదో చూడండి. తెలంగాణ ఈపాస్ పోర్టల్‌లో గానీ ఆంధ్రప్రదేశ్ జ్ఞానభూమి పోర్టల్‌లో గానీ ఏటా రెన్యువల్ చేయించాక రసీదు దాచుకోండి. కాలేజీ కౌంటర్లో బకాయి అడిగినప్పుడు ప్రతి చెల్లింపుకూ, ఎంత చిన్నదైనా, రసీదు రాయించుకోండి. ఆ ఏడాది ప్రభుత్వ డబ్బు జమ అయ్యాక మీరు ముందుగా కట్టింది వెనక్కి అడగడానికి ఆ కాగితమే ఆధారం.