చిన్న డ్రిల్లా, పెద్ద డ్రిల్లా: కడపలో కిచెన్ పని చేసేవాడి మాట

ముందే చెప్పేస్తాను. మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు చేసే కార్పెంటర్‌కి రోజంతా చేతిలో ఉండాల్సింది 12 వోల్టుల చిన్న డ్రిల్లే. 18 వోల్టుల పెద్దది కూడా నా దగ్గర ఉంది, అది లేకపోతే కొన్ని పనులు ఆగిపోతాయి. అయినా అది ఎక్కువ సేపు బ్యాగులోనే పడుంటుంది. ఈ మాట కడపలో ఏ టూల్స్ అంగట్లో చెప్పినా ఒప్పుకోరు. "పెద్దదే తీస్కోన్నా, పవర్ ఉంటాది, ఇంగ దేనికీ తిరిగి చూసే పని ల్యా" అంటారు. పవర్ ఉండే మాట నిజమే. రోజులో ఆ పవర్‌తో నీకు ఎంతసేపు పని పడుతుందని మాత్రం ఎవరూ అడగరు.

నా దగ్గర ఉన్నవి రెండూ బాష్ నీలం రంగువే. చిన్నది జీఎస్‌బీ 120, పెద్దది జీఎస్‌బీ 180. కంపెనీ లెక్క ప్రకారం చిన్నదాని టార్క్, అంటే తిప్పే బలం, 30 న్యూటన్ మీటర్లు, పెద్దదానిది 54. చిన్నదాని చక్‌లో, అంటే బిట్‌ని పట్టే మూతిలో, 10 ఎంఎం వరకు బిట్ పడుతుంది, పెద్దదాంట్లో 13 ఎంఎం వరకు. బ్యాటరీతో కలిపి చిన్నది కిలో పైచిలుకు, పెద్దది కిలోన్నర దాటుతుంది. అర కిలో తేడా ఏముందిలే అనిపిస్తుంది వినేవాళ్లకి. లాఫ్ట్ షట్టర్లకు హింజ్‌లు బిగించే రోజు నిచ్చెన మీద నిలబడి, చేయి తలపైకి ఎత్తి పట్టుకుని చూడండి. మధ్యాహ్నానికి ఆ అర కిలో అంతా భుజంలో చేరుతుంది. మకిటాలో హెచ్‌పీ 333 కూడా ఈ చిన్న రకమే, టార్క్ కూడా అదే 30. తోటి కార్పెంటర్ దగ్గర తీసుకుని వాడాను, దాని పిడి నా చేతికి ఇంకా బాగా కుదిరింది. రెండింట్లో ఏది తీసుకున్నా తప్పు లేదు.

వోల్టుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మోసం జరిగేది ఇక్కడే కాబట్టి. లిథియం సెల్ ఒక్కొక్కటి మామూలుగా 3.6 వోల్టులు, ఫుల్ ఛార్జ్ అయినప్పుడు 4.2. మూడు సెల్స్ వరసగా పెడితే 10.8 వస్తుంది. ఫుల్ ఛార్జ్‌లో 12 దాటుతుంది కాబట్టి డబ్బా మీద 12 అని వేస్తారు. పాత బాష్ డ్రిల్లుల మీద 10.8 అనే ఉండేది, తర్వాత పేరు 12 చేశారు, బ్యాటరీ మాత్రం అదే పడుతుంది. ఐదు సెల్స్ పెడితే 18, ఫుల్ ఛార్జ్‌లో 21. అంటే 18 అని ఒకరు, 20 అని ఒకరు, 21 అని ఇంకొకరు అమ్మేది ఆ ఐదు సెల్స్ సరుకే. ఇక ఆన్‌లైన్‌లో 48 వీఎఫ్, 88 వీఎఫ్ అని పెద్ద పెద్ద అంకెలతో స్టిక్కర్లు వేసిన డ్రిల్లులు చూసే ఉంటారు. విప్పితే వాటిలోనూ చాలావరకు ఉండేది ఐదు సెల్సే. 88 వోల్టులు రావాలంటే ఎన్ని సెల్స్ కావాలో లెక్క వేసుకోండి, ఆ బ్యాటరీని సంచిలో మోయాల్సి వస్తుంది.

ఛార్జ్ ఎంతసేపు వస్తుందో తెలుసుకోవాలంటే వోల్టుల్ని ఆంపియర్ అవర్‌తో (ఏహెచ్) గుణించాలి. చిన్నదాని 2 ఏహెచ్ బ్యాటరీలో దాదాపు 22 వాట్ అవర్లు ఉంటాయి. పెద్దదాని 2 ఏహెచ్‌లో 36, అదే 4 ఏహెచ్ అయితే 72. కాబట్టి చిన్నది కొనేవాళ్లు రెండు బ్యాటరీల కిట్టే తీసుకోండి. ఒకటి పనిలో ఉంటే ఒకటి ఛార్జర్‌లో ఉండాలి. ఒకే బ్యాటరీ ఉంటే ఛార్జ్ అయ్యేదాకా టీ తాగుతూ కూర్చోవడమే, ఇంటాయన చూపు మన మీదే ఉంటుంది.

చిన్నదాని గొప్ప తెలిసేది పెట్టె లోపల. 300 ఎంఎం వెడల్పు పెట్టె తీసుకోండి. రెండు పక్కలా 18 ఎంఎం ప్లైవుడ్ పోగా లోపల మిగిలేది 264. పెట్టె గోడకు బిగించేశాక డ్రాయర్ ఛానల్ ఒక పక్కకి వాలిందనుకోండి, ఆ 264లోనే డ్రిల్లు, బిట్టు, నా చెయ్యి అన్నీ పట్టాలి. చిన్నదాన్ని వెనక నుంచి అరచేత్తో నొక్కుతూ, చూపుడు వేలు పక్కన ఆనించి, స్క్రూని నిటారుగా దించగలను. పెద్దదైతే వాలుగా పట్టుకోవాల్సి వస్తుంది. వాలిందంటే బిట్ స్క్రూ తల మీద జారుతుంది, గాడి అరిగిపోతుంది, ఆ తర్వాత ఆ స్క్రూని తీయడం ఇంకో పని. సీసాలు పెట్టి బయటికి లాగే 200 ఎంఎం బాటిల్ పుల్లౌట్ పెట్టెలో లోపల 164 మాత్రమే మిగులుతుంది, దాంట్లో చిన్నది కూడా పట్టదు. దానికి మూల తిప్పే అటాచ్‌మెంట్ కావాలి. బాష్‌లోనే 12 వోల్టుల ఫ్లెక్సీక్లిక్ అని తలలు మార్చుకునేది ఉంది, ధర చూసి నేను ఆగాను.

క్లచ్, అంటే పెట్టిన బలం దాటగానే తిప్పడం వదిలేసే ఏర్పాటు, దాని విషయంలోనూ నా ఓటు చిన్నదానికే. చెక్కపొడి నొక్కి చేసిన ప్రీలామ్ బోర్డులో హింజ్ స్క్రూ వేసేటప్పుడు ఒక్క అర చుట్టు ఎక్కువ తిరిగినా లోపల పొడి రాలి పట్టు పోతుంది. షట్టర్ ఆ రోజుకి బాగానే ఉంటుంది, దీపావళికి కిందికి దిగుతుంది. రింగు మీద తక్కువ అంకె పెట్టుకుంటే స్క్రూ తల బోర్డుకు ఆనగానే టకటకమని క్లచ్ వదిలేస్తుంది. పెద్దదానికీ రింగు ఉంది, కానీ నా చేతికి దాని తక్కువ అంకె కూడా ఈ పనికి కొంచెం మొరటుగానే తగులుతుంది.

ఇక మన ఊరి రాయి. కడపలో పాత వంటిళ్లంటే నాపబండ అరలే. నల్లటి బండలు నిలువుగా నిలబెట్టి, వాటి మీద అడ్డంగా బండలు పరిచి ఉంటాయి. "అన్నా, అరలు పగలగొట్టొద్దు, తలుపులు మాత్రం పెట్టియ్యి" అనే ఇళ్లు ఎన్నో. అప్పుడు నిలువు బండ అంచులో 6 ఎంఎం రంధ్రాలు చేసి, ప్లగ్గులు దించి, చెక్క ఫ్రేమ్ బిగించాలి. ఇక్కడ సుత్తి గుర్తు, అదే హ్యామర్ మోడ్, ముట్టుకోవద్దు. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది, అంచులో దెబ్బ పడితే పెచ్చు లేచిపోతుంది. నున్నటి నల్ల అంచు మీద తెల్లటి మచ్చ పడితే ఇక దాన్ని దాచడానికి దారి లేదు. హ్యామర్ ఆపేసి, కార్బైడ్ మొన ఉన్న కొత్త బిట్ పెట్టి, ఒకటో గేర్‌లో నిదానంగా తిప్పాలి. పక్కన కుర్రాడు నీళ్ల సీసాతో చుక్కలు వదులుతుంటాడు. నాపరాయి సున్నపురాయి జాతిది, గ్రానైట్ అంత మొండిది కాదు. బూడిద రంగు పేస్టు బయటికి వస్తూ ఉంటే పని సాగుతున్నట్టు. ఈ పనికి 30 టార్క్ బాగా సరిపోతుంది, పెద్దదాని బలం ఇక్కడ దండగ. గ్రానైట్ మీద కుళాయి రంధ్రం మాత్రం రెండింటితోనూ కాదు, దానికి డైమండ్ కోర్ బిట్‌తో రాతి పనివాళ్లు రావాల్సిందే.

పెద్దది ఎందుకు కొన్నావు మరి అంటారు. తలుపుల కోసం. టేకు తలుపుకి లాక్ పెట్టడానికి హోల్‌సా, అంటే పెద్ద గుండ్రటి రంధ్రం కోసే పళ్ల గిన్నె లాంటి బిట్, దించినా, పాత వేపచెక్క వాకిలికి గడియ కోసం లావు రంధ్రం చేయాల్సి వచ్చినా చిన్నది మధ్యలోనే మూలిగి ఆగిపోతుంది. మోటార్ వేడెక్కి వాసన వస్తుంది. పెద్దది ఆగదు. ఆగకపోవడంలోనే ఇంకో ప్రమాదం ఉంది. హోల్‌సా పళ్లు చెక్కలో ఇరుక్కుంటే తిరగాల్సింది డ్రిల్లు ఒళ్లే, దాంతో పాటు మన మణికట్టు. అలాంటి పనికి ఒకటో గేర్ వేయండి, మోచేయి ఒంటికి ఆనించుకోండి, పక్క పిడి బిగించుకునే మోడల్ అయితే పిడి తీసి దాచుకోకుండా బిగించుకోండి. ఇరుక్కోగానే తనంతట తాను ఆగిపోయే రకాలు ఇప్పుడు ఖరీదైన వాటిలో వస్తున్నాయి. రోజూ తలుపుల పనే చేసేవాళ్లు ఆ డబ్బు పెట్టొచ్చు.

ఇటుక గోడకి పెద్దది బాగా పనికొస్తుంది. వాల్ యూనిట్లు వేలాడదీయడానికి 10 ఎంఎం ఫాస్టెనర్ రంధ్రం ఇటుకలో సులువుగా పడుతుంది. చిన్నది కర్టెన్ రాడ్ ప్లగ్గు వరకు చాలు. కాంక్రీట్ బీమ్ గానీ లింటెల్ గానీ తగిలిందంటే మాత్రం పెద్దది కూడా చేతులెత్తేస్తుంది. ఈ డ్రిల్లుల్లో హ్యామర్ అంటే లోపల రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి గిలకొట్టుకోవడమే, దెబ్బకి బలం మన చేత్తో నొక్కితేనే వస్తుంది. రోటరీ హ్యామర్‌లో అలా కాదు, పిస్టన్ గాలి ఒత్తిడితో బిట్‌ని కొడుతుంది, మనం ఊరికే పట్టుకుంటే చాలు. అందుకే నా పాత వైర్ రోటరీ హ్యామర్ని అమ్మలేదు. సగం పైన గోడల పని ఉండేవాళ్లకి నా సలహా ఏమిటంటే, 18 వోల్టుల డ్రిల్లుకి పెట్టే డబ్బుకి ఇంకొంచెం వేసి 12 వోల్టుల చిన్నదీ, మామూలు వైర్ రోటరీ హ్యామరూ కొనండి. రెండు పనులూ సగం సగం చేసే ఒక్క మిషన్ కన్నా ఆ జత మేలు.

ప్రొద్దుటూరులో ఒకాయన నా చేతిలో చిన్నదాన్ని చూసి "ఏమబ్బా, ఈ పిల్లోళ్ల బొమ్మతోనే మా కిచెనంతా బిగిస్తావా?" అన్నాడు. సాయంత్రానికి పెట్టెలన్నీ గోడకెక్కాయి. ఆయన ఇంకేమీ అనలేదు, వాళ్లబ్బాయి మాత్రం మోడల్ నంబర్ ఫోటో తీసుకున్నాడు.

బ్యాటరీల గురించి మన ఎండల్లో ఒక జాగ్రత్త. లిథియం బ్యాటరీలని సాధారణంగా 45 డిగ్రీల లోపు వేడిలోనే ఛార్జ్ చేయాలి. మే నెలలో స్కూటర్ డిక్కీలో పెట్టి సైటుకి తెచ్చిన బ్యాటరీ అంతకన్నా వేడిగా ఉంటుంది. ఛార్జర్‌లో పెడితే లైటు మిణుకుమిణుకుమంటుంది గానీ ఛార్జ్ ఎక్కదు. ఛార్జర్ పాడైందని చాలామంది కంగారుపడతారు. కాసేపు ఫ్యాన్ కింద పెట్టండి, అదే ఎక్కుతుంది. తడిగుడ్డ చుట్టేవాళ్లని చూశాను, ఆ పని మాత్రం చేయకండి.

కొనేముందు ఏ బ్యాటరీ ఏ మిషన్‌కి పడుతుందో కూడా చూసుకోవాలి. 12 బ్యాటరీ 18 మిషన్‌కి పట్టదు, ఇది అందరికీ తెలిసిందే. ఒకే కంపెనీలో 18 వోల్టులవే రెండు రకాలు ఉంటాయని మాత్రం చాలామందికి తెలియదు. బాష్‌లో ఆకుపచ్చ రంగు ఇంటి వాడకం బ్యాటరీ నీలం రంగు మిషన్‌లో దూరదు. మకిటాలో జీ సిరీస్ బ్యాటరీ ఎల్‌ఎక్స్‌టీ మిషన్‌లో దూరదు. ముందు ముందు బ్లోయర్, జిగ్‌సా, చిన్న గ్రైండర్ లాంటివి బ్యాటరీ లేకుండా ఒట్టి మిషన్లుగా కొనుక్కోవాలనే ఆలోచన ఉంటే 18 వైపు వెళ్లడంలో అర్థం ఉంది, బ్యాటరీలు కలిసొస్తాయి. అలాంటివాళ్లు బ్రష్‌లెస్ మోటార్ ఉన్న పొట్టి 18 రకం చూడండి. కార్బన్లు అరిగే గొడవ ఉండదు, ఒళ్లు కూడా చిన్నదిగా ఉంటుంది. బరువు మాత్రం ఐదు సెల్స్ బరువే.

పేర్లలో ఇంకో తికమక ఉంది. అంగట్లో "ఇంపాక్ట్" అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. ఇంపాక్ట్ డ్రిల్ అంటే గోడకి సుత్తి దెబ్బ ఇచ్చేది, ఇంపాక్ట్ డ్రైవర్ అంటే స్క్రూని తిరిగే దిశలోనే కొట్టి బిగించేది. డ్రైవర్‌కి మూడు దవడల చక్ ఉండదు, పావు అంగుళం షట్కోణం బిట్టే పడుతుంది. పొడుగాటి స్క్రూలు, షెడ్డు పనులు ఉన్నవాళ్లకి బంగారం లాంటిది. మన హింజ్ పనికి వద్దు, మెత్తటి బోర్డుని చీల్చేస్తుంది. బాష్‌లో జీఎస్‌బీ అని ఉంటే హ్యామర్ ఉన్నట్టు, జీఎస్‌ఆర్ అని ఉంటే లేనట్టు. డబ్బా మీద ఆ ఒక్క అక్షరం చూసుకోండి.

నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు సొంతంగా డ్రిల్లు కొంటానంటే చెప్పింది ఇదే: 12 వోల్టులది, రెండు బ్యాటరీలతో, జీఎస్టీ బిల్లుతో కొను. 6,000, 7,000 మధ్యలో అయిపోతుంది. పెద్దదానికి 10,000 దాకా దాచుకున్నాడు కాబట్టి మిగిలిన డబ్బుతో మంచి బిట్లు తీసుకోమన్నాను. ప్లైవుడ్ స్క్రూలకి పీహెచ్ 2 (ఫిలిప్స్ గాడి), హింజ్ స్క్రూలకి పీజెడ్ 2 (పోజీ గాడి), ఒక 35 ఎంఎం హింజ్ బిట్, 6 ఎంఎం కార్బైడ్‌వి రెండు. పీహెచ్ బిట్‌తో పీజెడ్ స్క్రూ తిప్పి, జారితే డ్రిల్లుని తిట్టేవాళ్లే ఎక్కువ మంది మన లైన్‌లో. తలుపుల పని వచ్చిన రోజు నా పెద్దది తీసుకెళ్లమన్నాను.