నంద్యాల కోచింగ్ నుంచి మెయిన్స్ దాకా: రెండేళ్ల తొమ్మిది నెలల బ్యాంకు ప్రిపరేషన్‌పై నా సమీక్ష

బ్యాంకు కోచింగ్ అంటే మా వైపు నంద్యాల తప్ప ఇంకో ఊరి పేరు చెప్పరు. 2022 జనవరిలో కోవెలకుంట్ల నుంచి వెళ్లి చేరాను. 2024 అక్టోబరులో రాసిన మెయిన్స్‌తో (రెండో దశ పరీక్ష) క్లర్క్ ఉద్యోగం వచ్చింది. ఈ మధ్యలో మూడు ఏడాదుల నోటిఫికేషన్లు, తొమ్మిది ప్రిలిమ్స్ (మొదటి దశ వడపోత పరీక్షలు). డబ్బు పెట్టి కొన్నవాటిలో, ఊరికే దొరికినవాటిలో ఏవి పనికొచ్చాయో, ఏవి రాలేదో రాస్తున్నాను. నాది బీకాం, పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీటెక్ చేసి లెక్కలు చేతిలో ఉన్నవాళ్లకు ఇందులో సగం వర్తించదు.

ముందు కోచింగ్ సంగతి. ఆరు నెలలకు ఫీజు 14,000, హాస్టల్ నెలకు 4,500. క్లాసులో నూట ఎనభై మందిమి. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. సారు బోర్డు మీద చేస్తుంటే అంతా వచ్చేసినట్టే ఉండేది. రూముకొచ్చి పుస్తకం తెరిస్తే మొదటి లెక్క దగ్గరే ఆగిపోయేదాన్ని. తప్పు సారుది కాదు. ఆయన చెప్పే షార్ట్‌కట్ పనిచేయాలంటే ఎక్కాలు, వర్గాలు, భిన్నాలకు శాతాలు నోటికి వచ్చి ఉండాలి. 1/7 అంటే 14.28 శాతం, 3/8 అంటే 37.5 శాతం అని ఆలోచించకుండా అనగలగాలి. నాకు వచ్చిన ఎక్కాలు పన్నెండుతో ఆగిపోయాయి. అది కూడా తెలుగులో. "ఏడారులు నలభై రెండు" అని లోపల అనుకున్నాకే చెయ్యి కదిలేది. 13 నుంచి 20 దాకా ఎక్కాలు ఆ వేసవిలో ఇంగ్లిష్‌లో బట్టీ పట్టాను. ఇప్పటికీ పన్నెండు దాకా తెలుగులో, ఆ పైన ఇంగ్లిష్‌లో వస్తాయి. పొద్దున ఉగ్గాని తింటూ, హాస్టల్లో నీళ్ల కోసం క్యూలో నిలబడి ఇదే పని. మొదటి రెండు నెలలు ఇంకేమీ చేయకుండా ఇది ఒక్కటే చేసి, ఆ తర్వాత కోచింగ్‌లో చేరి ఉంటే ఆ 14,000కు పూర్తి విలువ దక్కేది. ఇప్పుడు ఎవరైనా అడిగితే అదే చెబుతాను: ముందు ఇంట్లో రెండు నెలలు, తర్వాతే బస్సెక్కడం.

కోచింగ్ వల్ల దొరికిన అసలు లాభం పొద్దున ఆరుకల్లా లేచి కూర్చునే అలవాటు, పక్కన కూర్చున్న లక్ష్మక్క. నాకంటే నాలుగేళ్లు పెద్ద, రెండుసార్లు మెయిన్స్ దాకా వెళ్లి వచ్చింది. ఏ క్లాసుకు వెళ్లాలో, ఏది మానేసి రీడింగ్ రూమ్‌లో కూర్చోవాలో ఆమే చెప్పేది. ఇంగ్లిష్ క్లాసు మాత్రం నాకు ఏ రకంగానూ ఉపయోగపడలేదు. గ్రామర్ రూల్స్ వంద రాయించారు. పరీక్షలో రీడింగ్ కాంప్రహెన్షన్, క్లోజ్ టెస్ట్ (పేరాలో ఖాళీలు పూరించడం) వస్తే రూల్స్ గుర్తుచేసుకునే తీరిక ఎక్కడిది? ఇరవై నిమిషాల్లో ముప్పై ప్రశ్నలు.

ఆ ఏడాది ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. కర్నూలు జిల్లాలో చేరి నంద్యాల జిల్లాలో కోర్సు ముగించాను. హాస్టల్లో దాన్ని కూడా కరెంట్ అఫైర్స్ నోట్సులో రాసుకున్నవాళ్లున్నారు.

మొదటి పరీక్ష గ్రామీణ బ్యాంకుల ఆఫీస్ అసిస్టెంట్. తెలుగు మీడియం వాళ్లకు ఇది మంచి వాకిలి అని అందరూ అంటారు. నిజమే. ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ ఉండదు, ప్రశ్నపత్రం తెలుగులో కూడా చూసుకోవచ్చు. రీజనింగ్ 40, న్యూమరికల్ 40, మొత్తం 80 ప్రశ్నలకు 45 నిమిషాలు. నేను రాసినప్పుడు సెక్షన్‌కు విడిగా టైం లేదు, ఎటునుంచైనా ఎటైనా వెళ్లగలిగేవాళ్లం. ఆ స్వేచ్ఛే నా కొంప ముంచింది. ఏడు అంతస్తుల మేడలో ఎవరు ఎక్కడ ఉంటారనే పజిల్ పట్టుకుని తొమ్మిది నిమిషాలు వదల్లేదు. ఐదు మార్కుల కోసం అయిదో వంతు సమయం. అదీ చివరికి రాలేదు. ఇంకో తప్పు, పరీక్షలో భాష తెలుగుకు మార్చుకోవడం. సాధన అంతా ఇంగ్లిష్‌లో చేసి, హాల్లో తెలుగులో చదవబోతే ప్రతి వాక్యం రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ఏ భాషలో రాయదలచుకున్నారో ఆ భాషలోనే మొదటి రోజు నుంచి సాధన చేయాలి. నేను కొన్న మాక్ టెస్టుల (నమూనా పరీక్షల) యాప్‌లో తెలుగు అనువాదం ఎంత అధ్వానంగా ఉండేదంటే, కుడివైపు అనాల్సిన చోట 'సరైన' అని ఉండేది. అప్పటి నుంచి తెలుగు బటన్ ముట్టుకోలేదు.

2023లో క్లర్క్ ప్రిలిమ్స్ కొట్టిన దెబ్బ ఇంకా గట్టిది. మొత్తం మార్కులు కటాఫ్ (గట్టెక్కడానికి కావాల్సిన కనీస మార్కులు) దాటాయి. ఇంగ్లిష్ సెక్షన్లో మాత్రం ముప్పావు మార్కు తగ్గింది. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే సంస్థ ఐబీపీఎస్ క్లర్క్, పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ప్రిలిమ్స్‌లో ఒక్కో సెక్షన్‌కూ కటాఫ్ ఉంటుంది. ఎస్‌బీఐ ప్రిలిమ్స్‌లో అలా విడిగా ఉండదు. ఈ తేడా తెలుసు, కానీ తెలిసినా 'లెక్కల్లో లాగేద్దాం' అనుకున్నాను. స్కోరుకార్డు చూసిన రోజు నాన్నకు ఏం చెప్పాలో తెలియక "రిజల్ట్ ఇంకా రాలేదు" అని నాలుగు రోజులు నడిపాను.

ఇక మాక్ టెస్టులు. మొత్తం ఖర్చులో ఏడాదికి 600 లోపే అయిన ఈ ఒక్కదానికే నేను పూర్తి మార్కులు వేస్తాను, ఆ తెలుగు అనువాదం పక్కన పెడితే. మొదటి మాక్‌లో వందకు 21 వచ్చాయి. భయపడి మూడు నెలలు మళ్లీ రాయలేదు. "సిలబస్ అయ్యాక రాస్తాను" అనుకోవడం మా బ్యాచ్‌లో సగం మందికి ఉన్న జబ్బు. సిలబస్ ఎప్పటికీ అవదు. 2023 దెబ్బ తర్వాత రోజుకొకటి రాశాను, అయినా రెండు నెలలపాటు 55 దగ్గరే తిరుగుతూ ఉంది. అప్పుడు లక్ష్మక్క ఫోన్లో ఒక మాటంది: "రాయడం కాదే పిల్లా, రాసినదాన్ని చూస్తున్నావా?" చూడటం లేదు. స్కోరు చూసి, ఏడ్చి, ఇంకోటి మొదలుపెట్టేదాన్ని.

ఆ తర్వాత గంట మాక్‌కు గంటన్నర తప్పులు చూసుకోవడం మొదలుపెట్టాను. ఒక ఎర్ర అట్ట నోటుబుక్కులో మూడు గళ్లు. మొదటిది తెలియక తప్పయినవి, రెండోది వచ్చీ తొందరలో తప్పు చదివినవి, మూడోది అసలు ముట్టుకోకూడనివి. మొదటి గడే పెద్దదిగా ఉంటుందనుకున్నాను. పది మాక్‌లు చూస్తే మూడోదే పెద్దది. ఒక తప్పుకు పావు మార్కు పోతుందని అందరికీ తెలుసు. నాకు పోయింది పావు మార్కు కాదు. ఆ ప్రశ్న మీద పెట్టిన రెండున్నర నిమిషాల్లో సిరీస్‌లో, ఇనీక్వాలిటీలో వదిలేసిన ఐదు సులువు ప్రశ్నలు. అప్పట్నుంచి ఒక వరస పెట్టుకున్నాను. లెక్కల్లో సింప్లిఫికేషన్, క్వాడ్రాటిక్, సిరీస్ ముందు, తర్వాత డీఐ (పట్టికలు, గ్రాఫులు చూసి చేసే లెక్కలు), మిగిలితే విడి లెక్కలు. రీజనింగ్‌లో ఇనీక్వాలిటీ, సిలాజిజం, కోడింగ్ అయ్యాక పజిల్స్. పజిల్ మొదటి నిమిషంలో కనీసం ఇద్దరినైనా కూర్చోబెట్టలేకపోతే వదిలెయ్యడమే. వదిలేసి ముందుకెళ్తుంటే చెయ్యి వణికేది, అది పోవడానికి నలభై మాక్‌లు పట్టింది. 2024 జూలైకి 70 దాటుతూ వచ్చాను.

ఇంగ్లిష్‌కు చేసిందల్లా రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్ సంపాదకీయం పైకి చదవడం. ఆరు నెలలు అర్థం కాలేదు, తర్వాత కొంచెం కొంచెం అయింది. అంతకంటే దీని గురించి చెప్పడానికేమీ లేదు.

దండగ ఖర్చుల్లో మొదటిది నెలనెలా కొన్న కరెంట్ అఫైర్స్ పుస్తకాలు. ఏడాదిన్నరవి కట్టలు కట్టి అటక మీద పెట్టాను. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులు. ప్రతి షిఫ్టు అయ్యాక "గుడ్ అటెంప్ట్స్ 78" అని, అంటే అన్ని ప్రశ్నలు చేస్తే గట్టెక్కొచ్చని, ఎవరో పెడతారు. ఐబీపీఎస్ ప్రశ్నపత్రం బయట పెట్టదు కాబట్టి అందరూ గుర్తున్నది చెప్పుకోవడమే. నాది 69 అటెంప్ట్ అయితే ఆ రాత్రి నిద్ర ఉండదు, మరుసటి పరీక్ష టెన్షన్‌తో పోతుంది. మెయిన్స్ ముందు గ్రూపులన్నీ తీసేశాను. యూట్యూబ్ మాత్రం ఉపయోగమే, ఎవరో ఒక్కరినే పట్టుకుంటే. నేను పజిల్స్‌కు ముగ్గురు సార్లను విని మూడు పద్ధతులూ కలిపేసుకున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. క్లర్క్‌కు ఇంటర్వ్యూ లేదు, ప్రిలిమ్స్ మార్కులు చివరి లెక్కలోకి రావు. ఉద్యోగం ఇచ్చేది మెయిన్స్ ఒక్కటే. మా కోచింగ్‌లో ఆరు నెలల్లో ఐదున్నర నెలలు ప్రిలిమ్స్‌కే పోయింది. ప్రిలిమ్స్ రిజల్ట్ వచ్చాక మెయిన్స్ మొదలుపెడదామంటే వారాలే మిగులుతాయి. నేను రాసినప్పుడు క్లర్క్ మెయిన్స్ 190 ప్రశ్నలు, 160 నిమిషాలు. అందులో జనరల్, ఫైనాన్షియల్ అవేర్‌నెస్‌కు 50 మార్కులు. లెక్క వెయ్యక్కర్లేదు, వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. 2025 నుంచి దాన్ని 155 ప్రశ్నలు, 120 నిమిషాలకు మార్చారు, పోస్టు పేరు కూడా కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అయింది. పాత మెయిన్స్ మాక్‌లు చౌకగా వస్తున్నాయని కొనకండి.

ఈ అవేర్‌నెస్ సెక్షన్లో పాత పీడీఎఫ్‌లు నన్ను బాగా మోసం చేశాయి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం ఏడాదికి 330, సురక్షా బీమా 12 అని బట్టీ పట్టాను. 2022 జూన్ 1 నుంచి అవి 436, 20 అయ్యాయి. మాక్‌లో తప్పయ్యేదాకా నాకు తెలియదు. ఇప్పుడు కౌంటర్‌లో కూర్చుని రోజుకు ఇద్దరు ముగ్గురికైనా "ఆ 436 మీ అకౌంట్లో ఎందుకు కట్ అయిందంటే" అని చెబుతుంటాను.

చివరగా, దరఖాస్తు. ఫొటో, సంతకంతో పాటు ఎడమ బొటనవేలి ముద్ర, ఇంగ్లిష్‌లో చేతిరాతతో డిక్లరేషన్ అప్‌లోడ్ చేయాలి. డిక్లరేషన్ పెద్దక్షరాల్లో రాయకూడదు. నేను మొదటిసారి అలాగే రాసి, నెట్ సెంటర్‌లో కూర్చుని మళ్లీ రాశాను. అంతకంటే పెద్ద చిక్కు పేరు. మన వాళ్లకు పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది. హాల్‌టికెట్ మీద పేరు, గుర్తింపు కార్డు మీద పేరు ఒకటే ఉండాలి. 2022లో నన్ను గేటు దగ్గర పావుగంట నిలబెట్టి, పాన్ కార్డు చూపించాక లోపలికి పంపారు. ఆ పావుగంటలో చదివినదంతా మర్చిపోయాను. తర్వాత ఆధార్‌లో పేరు సరిచేయించుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. నోటిఫికేషన్ రాకముందే ఆ పని చూసుకోండి.